గంజాయి పూతకు పట్టిన బూజు

గంజాయి అనగానే మన సంఘాలలో సంభాషణ రెండు దారులే పడుతుంది: ఒకటి పిల్లలను గురించిన భయం, రెండవది వ్యాపారం. ఇదీ ఒక పంటేననీ, దీనికీ చీడపీడలుంటాయనీ, వాటిపై చల్లే మందులు చివరకు మనిషి ఊపిరితిత్తులకు చేరతాయనీ ఎవరూ ప్రస్తావించరు. కాలిఫోర్నియా ప్రజలు 1996లో వైద్యావసరాలకు, 2016లో పెద్దల సాధారణ వినియోగానికి దీనిని అనుమతించారు. ఆ నిర్ణయపు మంచిచెడ్డలు ఇక్కడ అప్రస్తుతం. కాన్సర్ చికిత్సలో వాంతుల ఉపశమనానికి దీనిని వాడే రోగులున్నారు. వారి కోసమైనా చట్టం ఈ మొక్కను పంటగా చూడాలన్నదే నా వాదన.

ఆరుబయట పెరిగే గంజాయి సాధారణంగా పొద్దు తగ్గనారంభించిన తరువాతనే పూతకు వస్తుంది. ఉత్తర కాలిఫోర్నియాలోని హంబోల్ట్, మెండొసీనో ప్రాంతాలలో కోత సెప్టెంబరు చివర, అక్టోబరు మాసాలలో జరుగుతుంది. పొగమంచూ, తొలి వానలూ వచ్చే సమయమూ అదే. దట్టమైన ఆడ పూగుత్తి లోపల తడి త్వరగా ఆరదు. ద్రాక్షను, స్ట్రాబెర్రీని కుళ్ళబెట్టే బొట్రైటిస్ సినీరియా అనే బూడిదరంగు బూజు అక్కడ తిష్ఠ వేస్తుంది. పైకి ఒక చిన్న ఆకు ఎండినట్లు మాత్రమే కనబడుతుంది. గుత్తిని విప్పి చూస్తే లోపలంతా గోధుమరంగు కుళ్ళు! దానికి తరచు దారి చేసేది మొక్కజొన్న కంకిని తొలిచే పురుగు. అది గుత్తిలో దూరి, గాయాలు చేసి, మలం వదలుతుంది. మన శనగపచ్చ పురుగుకు అది దగ్గరి చుట్టం. 1980ల చివర గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో ఆ పురుగు మందులకు లొంగకుండా పోయిన సంగతి మనవారికి కొత్తగా చెప్పనక్కరలేదు.

కుళ్ళిన గుత్తిని తిరిగి బాగుచేసే మందు లేదు. కోసి చేనుకు దూరంగా పారవేయవలసిందే. కనుక పనంతా ముందే జరగాలి: మొక్కల మధ్య గాలి ఆడేటంత ఎడం ఉండాలి, లోపలి కొమ్మలు కత్తిరించాలి, నీరు ఆకులపై పడకుండా మొదట్లోనే పెట్టాలి. అన్నిటికంటె ముఖ్యం, వానలకు ముందే కోతకు వచ్చే రకాన్ని ఎన్నుకోవడం. పురుగు గుడ్లను ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగ నాశనం చేస్తుంది. పిల్లపురుగులకు బాసిల్లస్ తురింజియెన్సిస్ ఉన్నది. పేనుబంకను అక్షింతల పురుగులు తింటాయి. వేపనూనె మంచిదే, కాని పూత కనబడక ముందే వాడాలి. (బూజులపై వేపనూనె వాడకానికి 1994లో ఐరోపాలో ఇచ్చిన పేటెంటు పూర్తిగా రద్దు కావడానికి 2005 దాకా పోరాడవలసి వచ్చింది!)

ఇదంతా శ్రమతో కూడిన పని; మందు కొట్టడం సులభం. మైక్లోబ్యుటానిల్ ద్రాక్షతోటలలో బూడిద తెగులుకు అనుమతి పొందిన మందు. కాని ద్రాక్షను మనం కాల్చి పీల్చము కదా! ఆ మందు వేడికి విచ్ఛిన్నమైనప్పుడు హైడ్రోజన్ సయనైడ్ వెలువడుతుంది. అమెరికాలో ఏ మందు ఏ పంటకు వాడవచ్చునో నిర్ణయించేది ఫెడరల్ పర్యావరణ పరిరక్షణ సంస్థ. 1970 నాటి చట్టం గంజాయిని నిషేధించినందున ఆ సంస్థ దీని జోలికి రాలేదు. రాష్ట్రాలు తమకు తోచిన జాబితాలు తయారుచేసుకున్నాయి. ఫెడరల్ నిధులు పోతాయన్న భయంతో విశ్వవిద్యాలయాలు ఏళ్ళ తరబడి దూరంగా ఉండిపోయాయి. సాగుదారుకు ఇరుగుపొరుగు మాటే శాస్త్రమయింది. 2018 వ్యవసాయ చట్టం మత్తు పదార్థం 0.3 శాతానికి మించని హెంప్‌ను అనుమతించగా, 2019 డిసెంబరులో అదే సంస్థ దానికి 10 మందులను ఆమోదించింది. వాటిలో 9 జీవసంబంధమైనవి. రెండూ ఒకే జాతి మొక్కలు, బూజూ ఒక్కటే. ఒకదానికి సలహా ఉండి రెండవదానికి లేకపోవడం ఏ శాస్త్రానికీ అందని విషయం.

కాలిఫోర్నియా నిబంధనలలో 66 పురుగుమందుల అవశేషాలకూ, 4 ఆస్పర్జిల్లస్ జాతుల బూజులకూ పరీక్ష ఉన్నది. మంచిదే, అయితే అనుమతి లేని అంగడిలో అమ్మే సరుకు ఆ పరీక్షకు రాదు. అవయవమార్పిడి చేయించుకున్నవారికి, వ్యాధినిరోధక శక్తి సన్నగిల్లినవారికి ఆస్పర్జిల్లస్ వల్ల ఊపిరితిత్తులలో ప్రాణాంతకమైన వ్యాధి రావచ్చును. ఈ దేశంలో మన తెలుగు వైద్యులు వేలల్లో ఉన్నారు. రోగి గంజాయి వాడుతున్నాడా అని అడిగి ఊరుకోక, ఎక్కడ కొన్నాడో, పరీక్షించిన సరుకు అవునో కాదో కూడ అడిగి తెలుసుకోవడానికి వారు ఏ చట్టం కోసమూ వేచి ఉండనక్కరలేదు.