నమూనా సరిగా ఉంటేనే నివేదికకు విలువ
ఒత్తిడిలో జూనియర్ ల్యాబ్ టెక్నీషియన్లు

రోగిని చూసేది వైద్యుడే అయినా చికిత్సకు దారి చూపేది పరీక్షా నివేదిక. ఆ నివేదికను సిద్ధం చేసే జూనియర్ ల్యాబ్ టెక్నీషియన్ ఎవరో రోగికి తెలియదు. తప్పు దొర్లినప్పుడు మాత్రం అందరి వేళ్లూ అతడి వైపే.

2018లో హైదరాబాద్‌లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2021 జూన్‌లో జిల్లాలకు విస్తరించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో సేకరించిన నమూనాలను వాహనాల్లో జిల్లా కేంద్రంలోని హబ్‌కు తరలించి ఉచితంగా పరీక్షిస్తారు. పేదల జేబుకు చిల్లు పడకుండా కాపాడుతున్న పథకమిది. యంత్రాలు సమకూరాయి. వాటి ముందు నిలబడే మనిషి సంగతే తేలాల్సి ఉంది.

ప్రయోగశాలల్లో దొర్లే పొరపాట్లలో సగానికి పైగా నమూనా యంత్రంలోకి వెళ్లకముందే జరుగుతాయి. ఊదారంగు మూత ట్యూబు రక్తకణాల లెక్కకు, బూడిదరంగుది చక్కెర పరీక్షకు, నీలిరంగుది రక్తం గడ్డకట్టే సమయానికి. ఊదారంగు ట్యూబులోని రక్తాన్ని తెలియక ఎర్రమూత ట్యూబులో ఒంపితే చాలు, పొటాషియం అమాంతం పెరిగినట్లు, కాల్షియం పడిపోయినట్లు నివేదిక వస్తుంది. మామూలు ట్యూబులోని రక్తం ఎండలో గంటల తరబడి ప్రయాణిస్తే అందులోని చక్కెరను కణాలే వాడేసుకుంటాయి. మధుమేహ రోగికి అంతా బాగానే ఉందన్న భ్రమ మిగులుతుంది. గతుకుల దారిలో కుదుపులకు కణాలు చిట్లినా పొటాషియం పెరిగినట్లే కనిపిస్తుంది. గుండె, మూత్రపిండాల రోగుల విషయంలో ఇది చిన్న పొరపాటు కాదు.

ఇలాంటి నమూనాను తిరస్కరించడం టెక్నీషియన్ విధి. చెప్పినంత తేలిక కాదది. తిరస్కరిస్తే రోగి కూలి మానుకుని మళ్లీ రావాలి. ఆరోగ్య కేంద్రం నుంచి విసుర్లు తప్పవు. కొలువు పొడిగింపు కోసం ఏటా ఎదురుచూసే ఒప్పంద, పొరుగుసేవల ఉద్యోగి ఎంతమందితో తగువు పడగలడు?

ప్రైవేటు ల్యాబుల్లో ఒత్తిడి మరో రకం. రోజూ రోగుల నమూనాలకు ముందు కంట్రోల్ సీరం పరీక్షించి యంత్రం సరిగా ఉందో లేదో చూడాలి. దానికి రసాయనాల ఖర్చవుతుంది కాబట్టి మానేయాలన్న ఆశ యజమానికి కలగడం సహజం. నివేదికపై పాథాలజీలో పీజీ చేసిన నమోదిత వైద్యుడే సంతకం చేయాలని 2017లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా ఒకే వైద్యుడి సంతకం పలు ల్యాబుల్లో కనిపిస్తోందన్న ఆరోపణలు కొత్తవేమీ కావు.

2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం 1,284 గ్రేడ్-2 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. రాత పరీక్షకు 80 మార్కులు, ఒప్పంద, పొరుగుసేవల అనుభవానికి 20 మార్కులు కేటాయించడం కొంత ఊరట. ఇక రక్షణ సంగతి. హెపటైటిస్-బి టీకా సిబ్బందికి వేయించాల్సిన బాధ్యత 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం యాజమాన్యానిదే. కొలువులో చేరిన రోజే దాని గురించి అడిగే ధైర్యం కొత్తవారికి ఉండదు.

జిల్లా సమీక్షల్లో ఎన్ని పరీక్షలు చేశారన్న లెక్కతోపాటు ఏ కేంద్రం నుంచి వచ్చిన నమూనాలు ఎన్ని, ఏ కారణంతో వెనక్కి వెళ్లాయో కూడా అధికారులు అడగాలి. లోపం సేకరణలో ఉందో, రవాణాలో ఉందో అప్పుడు తేలుతుంది. వద్దని చెప్పిన టెక్నీషియన్ మాటకు కాగితం మీద ఆధారమూ దొరుకుతుంది.