తాతయ్య ఇచ్చిన పక్షం

మా చిన్నతనాన వనపర్తిలో వీధికొక టీవీ ఉంటే గొప్ప. 1990లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు మొదటి రాత్రి, చివరికి తొమ్మండుగురే మిగిలిన కామెరూన్ జట్టు జగజ్జేత అర్జెంటీనాను 1–0తో ఓడించింది. పిల్లలమంతా కామెరూన్ పక్షం! తాతయ్య నవ్వి, “గంత దూరమెందుకురా? మన హైదరాబాదు రహీం సాబు సంగతి ఎరుకేనా?” అన్నారు.

బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో మన దేశపు జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానానికి వచ్చింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. ఆ స్వర్ణం మళ్లీ మనకు దక్కలేదు.

అయినా ఆ కథ విన్నది మొదలు నేను మన జట్టు పక్షమే. ఓడితే ఆ పూట అన్నం సహించదు; తెల్లారితే మళ్లీ ఆశ. తాతయ్య నాకిచ్చిన ఆస్తి ఇదొక్కటే. అన్నదమ్ములెవరూ వాటా అడగరు!