రెండు వాషర్లూ ఒకే వైపు చూస్తే

గత శుక్రవారం మావారూ, మా అబ్బాయీ స్నేహితుల బోటులో అల్ వక్రా నుంచి చేపలవేటకి వెళ్ళి ఖాళీ చేతులతో వచ్చారు. మా అజీజియా ఇంట్లో ఇది కొత్తేమీ కాదు. కానీ ఆ రాత్రి పదేళ్ళవాడు అన్నం తినకుండా పడుకున్నాడు. పెద్ద చేపే తగిలిందట. ఆ లాగుడు చూసి కనదే అయి ఉంటుందన్నారట బోటులోవాళ్ళు. కనద్ అంటే మన వంజరం. సరిగ్గా గాలం వీడి చేతిలో ఉన్నప్పుడే లైను పుటుక్కున తెగింది. "బిగించొద్దంటే బిగించావు" అని అందరి ముందూ కేకలేశారట వాళ్ళ నాన్న.

"కొంచెమే తిప్పానమ్మా" అన్నాడు వాడు. ఆ "కొంచెమే" దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది.

మీ ఇళ్ళల్లోనూ బాల్కనీలో ఓ మూల గాలాలు ఉండే ఉంటాయి కనక, కాస్త వివరంగా చెప్తాను. ఇది బావి గిలకలా తిరిగే పాత పద్ధతి రీలు. చేప మరీ గట్టిగా లాగితే లైను తెగకుండా గిలక జారి లైను వదలాలి. కుక్కర్ మీద వెయిట్ చేసే పనే అనుకోండి. దీన్ని డ్రాగ్ అంటారు. రీలు లోపలి గేరులో లోహపు వాషర్లూ, కార్బన్ వాషర్లూ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పిడి పక్కన నక్షత్రంలా ఉండే చక్రాన్ని తిప్పితే అవి నొక్కుకుని బ్రేకు పడుతుంది. ఈ ఏర్పాటు లేని రోజుల్లో చేప పరుగెత్తితే పిడి వెనక్కి గిర్రున తిరిగి వేళ్ళు చితికేవట. లోపల బ్రేకున్న రీలుతో విలియం బోషెన్ 1913లో కాలిఫోర్నియా దగ్గరి కాటలినా దీవిలో కత్తిచేపను పట్టాకే దీనికి పేరొచ్చింది.

శనివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద పేపరు పరిచి పిడి విప్పాను, నక్షత్రం తీశాను. దాని కింద రెండు స్ప్రింగ్ వాషర్లున్నాయి. చూడ్డానికి నడుమ చిల్లున్న చిన్న సాసర్లు. 1867లో ఫ్రాన్సులో జూలియన్ బెల్‌విల్ పేటెంటు తీసుకున్న రకం, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. నక్షత్రం తిప్పినప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా కాకుండా మెల్లగా పెరగాలంటే ఆధారం ఇవే.

మా రీలులో ఆ రెండూ సాసరులో సాసరు పెట్టినట్టు ఒకే వైపు తిరిగి ఉన్నాయి. రీలు పెట్టెలో వచ్చిన విడిభాగాల బొమ్మలో మాత్రం అంచూ అంచూ ఆనేలా, ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి.

అంతమాత్రానికే ఇంత తేడానా అంటారా? ఒక వాషరు బిగువు 1 అనుకోండి. ఒకే వైపు పెడితే రెండూ కలిసి ఎదురు తోస్తాయి, బిగువు 2 అవుతుంది. ఎదురెదురుగా పెడితే రెండూ విడివిడిగా అణుగుతాయి, బిగువు అర. అంటే నాలుగు రెట్ల తేడా! బీఎస్సీలో హుక్ సూత్రం ఎన్నిసార్లు రాశానో గుర్తులేదు, పనికొచ్చింది మాత్రం ఈ శనివారమే.

లెక్కతో మావారు ఒప్పుకోరని నాకు తెలుసు. ఊరెళ్ళేటప్పుడు సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు తెచ్చి లైనుకి కట్టాను. వాడు గాలం పట్టుకుంటే నేను మెల్లగా లాగాను. వాషర్లు ఉన్నవి ఉన్నట్టుగానే ముందు 3 కిలోల దగ్గర పెట్టి, నక్షత్రాన్ని పావు చుట్టు తిప్పాం. త్రాసు దాదాపు 7 చూపించింది. వాషర్లు సరిగ్గా మార్చి మళ్ళీ 3 నుంచి అదే పావు చుట్టు తిప్పితే 4.

మా లైను 20 పౌండ్లది, అంటే సుమారు 9 కిలోలకి తెగుతుంది. డ్రాగ్ అందులో మూడో వంతుకి మించకుండా పెట్టుకోవాలని అనుభవమున్నవాళ్ళు చెప్పే మాట. ముడి దగ్గర లైను ఇంకా బలహీనం. పైగా చేప లాక్కుపోయేకొద్దీ గిలక మీద చుట్ట చిన్నదవుతుంది. దాని వ్యాసం సగమైతే, నక్షత్రం ముట్టుకోకపోయినా లాగుడు రెట్టింపవుతుంది. 7 కిలోల మీద ఉన్న లైను తెగక ఏం చేస్తుంది?

పోయిన నెల వీడియో చూస్తూ రీలు శుభ్రం చేసి మళ్ళీ బిగించింది ఎవరో నేను అడగలేదు. మావారు ఆ బొమ్మని కాసేపు చూశారు, నక్షత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత వాణ్ణి పిలిచి, "వాషర్లు నేనే తప్పు వేశాన్రా, నీ తప్పేం లేదు" అన్నారు. వాడేమీ మాట్లాడలేదు. సాయంత్రం మాత్రం ఇద్దరూ కలిసి మిగతా రెండు రీళ్ళూ విప్పారు. వాటిలో వాషర్లు సరిగ్గానే ఉన్నాయి. అలమారులో పెట్టేముందు నక్షత్రాలు వదులు చేయమన్నాను. నెలల తరబడి బిగించి ఉంచితే లోపలి వాషర్లు అణిగిపోతాయి.

వచ్చే శుక్రవారం మళ్ళీ వెళ్తారట. త్రాసు కూడా పట్టుకెళ్తానంటున్నాడు మా వాడు. సరే అన్నాను. జూన్‌లో ఊరెళ్ళేలోపు సముద్రంలో పడేయకుండా తిరిగిస్తే చాలు.