పెండ్లి పెద్దలదే, మరి అప్పు ఎవరిది?

ధరూర్: కాబోయే పెండ్లికొడుకూ పెండ్లికూతురూ కలిసి కూర్చుని తమ పెండ్లి వివరాలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నారట! నెల రోజులుగా మా మండలంలోని నాలుగైదు గ్రామాలలో ఇదే పెద్ద చర్చనీయాంశమై కూర్చుంది. హోటలు బల్లల దగ్గర, మంగలి షాపులో, రేషను దుకాణం ముందు ఇదే మాట. విన్నవారిలో సగం మంది ముక్కున వేలేసుకున్నారు. మిగిలిన సగం మంది నవ్వారు. ఇంతకూ ఆ కాగితంలో ఏముందని అడిగినవారు మాత్రం బహు కొద్దిమంది.

అబ్బాయి తెలిసినవాడు కావడం వల్ల ఈ విలేఖరికి ఆ కాగితం చూసే అవకాశం కలిగింది. వారి పేర్లు, ఊరు ఇక్కడ రాయడం లేదు. లగ్నం కాకముందే ఊళ్లో వారి పరువు తీయడం భావ్యం కాదు. సంబంధం పెద్దలు కుదిర్చినదే. తాంబూలాలు పుచ్చుకున్నదీ పెద్దలే. అబ్బాయి గద్వాలలో మోటార్ల వైండింగు పని చేస్తాడు. అమ్మాయి అక్కడే డిగ్రీ పూర్తి చేసింది. ఒక ఆదివారం జూరాల ప్రాజెక్టు దగ్గర వేయించిన చేపలమ్మే దుకాణంలో, అమ్మాయి తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, లాంగు నోటుబుక్కు కాగితం రెండు వైపులా రాశారట. కాగితం మీద నూనె మరకలు ఇంకా ఉన్నాయి.

భోజనాలు మూడు వందల మందికి మించరాదు. డీజే వద్దు, డప్పులూ సన్నాయీ చాలు. తలంబ్రాల చీర హైదరాబాదు షాపులో కాదు, గద్వాల మగ్గం మీద నేసింది, నేసినవారి చేతి నుంచే కొనాలి. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు ఉండే రకం, తర్వాత కూడా కట్టుకోవడానికి పనికొచ్చేది. ఏటా బ్రహ్మోత్సవాలకు తిరుమల స్వామికి ఏరువాడ జోడు పంచెలు నేసి పంపే ఊరు పక్కనే పెట్టుకుని, పెండ్లి చీరకు నూట తొంభై కిలోమీటర్లు పోవడమెందుకని అమ్మాయి ప్రశ్న. ఈ మాటను మా నేతగాళ్లు వింటే సంతోషిస్తారు.

ఇంతవరకు ఎవరికీ పెద్దగా అభ్యంతరం లేదు. గొడవంతా కాగితం రెండో వైపు నుంచి వచ్చింది. పెండ్లికి ఎవరి దగ్గర ఎంత అప్పు తెస్తున్నారో తమ ఇద్దరికీ ముందుగా చెప్పాలని, అది రెండు లక్షలు దాటరాదని అక్కడ రాశారు. కల్యాణలక్ష్మి చెక్కు అమ్మ పేరున వస్తుంది కనుక అమ్మ దగ్గరే ఉంటుందని అమ్మాయి తన చేత్తో రాసింది. ఆ వాక్యం కింద అబ్బాయి సంతకం పెట్టాడు. చివరిగా, లగ్నమైన నాలుగో నాడు హంపికి పోయి రెండు రాత్రులుండి రావాలని, ఇద్దరే పోవాలని రాసుకున్నారు. 'ఇద్దరే' అన్న మాట కింద రెండు గీతలున్నాయి.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పుకోక తప్పదు. నా పెండ్లి 2014 వేసవిలో జరిగింది. నన్నెవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. నడిగడ్డలో సీడు పత్తి వేసే ఇళ్లలో పెండ్లి ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో అందరికీ తెలిసిందే. ఆర్గనైజరు దగ్గర పెట్టుబడికని తెచ్చే డబ్బులో నుంచి సగం పెండ్లికి పోతుంది. మా నాయనా అదే చేశాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ మీద లక్షా ఎనభై వేలు తెచ్చాడు. మైకుసెట్టు, బ్యాండు, ఊరేగింపు కారు, రెండు పూటల భోజనాలు, అన్నీ ఘనంగా జరిగాయి. ఊరంతా మెచ్చుకుంది. నాకూ ఆ రోజు గర్వంగానే ఉండింది, అబద్ధమెందుకు?

పెండ్లయిన మూడో నెలలో పత్తి క్రాసింగు మొదలైంది. సాయంత్రం ఆడ చెట్ల మొగ్గలు గిల్లడం, తెల్లవారి మగ పూవు తెచ్చి పుప్పొడి రుద్దడం, ఇదీ పని. పూవు పూవుకూ చెయ్యి పడాలి. కూలీలను పెట్టుకునే స్తోమత ఆ ఏడు లేదు. కాళ్ల పారాణి పూర్తిగా పోకముందే నా భార్య ఆ చేలో దిగింది. ఆ ఏడు విత్తనం పరీక్షలో నెగ్గలేదు. డబ్బు రాలేదు, వడ్డీ మాత్రం ఆగలేదు. అప్పు తీరేసరికి నాలుగు పంటలు పట్టింది. ఒకనాడు చేను గట్టున కూర్చుని ఆమె అడిగింది: "మన పెండ్లిలో ఆ బ్యాండు నేనడిగిన్నా?" ఏమని చెప్పాలి? ఆమె అడగలేదు. ఆ బ్యాండు ఆమె చెవిన సరిగ్గా పడి కూడా ఉండదు, ముసుగులో తల వంచుకుని కూర్చుంది. కానీ డబ్బు కట్టింది ఆమె చేతులే.

అందుకే ఆ కాగితంలో అప్పు గురించి రాసిన భాగం చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు.

పెద్దల పక్షాన కూడా న్యాయం లేకపోలేదు. మూడు వందల మందే భోజనానికి అన్నప్పుడు అబ్బాయి తండ్రి కోపగించుకోలేదట. లోపలికి పోయి ట్రంకు పెట్టెలో నుంచి చదివింపుల పుస్తకాలు తెచ్చి ముందర పెట్టాడట. ఆ ఇంట్లో జరిగిన ప్రతి పెండ్లికీ ఒక పుస్తకం. ఎవరు ఎంత చదివించారు, ఎవరు చీర పెట్టారు, ఎవరు బిందె పెట్టారు, అన్నీ పేరుపేరునా ఉన్నాయి. వారింటి నుంచి ఇతరుల పెండ్లిళ్లకు పెట్టిన లెక్క వేరే పుస్తకంలో ఉంది. "ఇరవై ఏండ్లుగా ఊరూరా తిరిగి పెట్టినాం. వాళ్లను పిలవకపోతే ఆ పైకం వాళ్ల దగ్గర్నే నిలిచిపోయినట్టు కద నాయనా?" అన్నాడట ఆయన.

చదువుకున్నవారు ఈ మాటను తేలిగ్గా తీసేస్తారు. తీసేయవలసిన మాట కాదు. బ్యాంకు గడప తొక్కని కాలంలో మన ఊళ్లకు ఉన్న చిట్టీ ఇదే. నా ఇంటికి ఆపద వచ్చినప్పుడు నీవు ఐదు వందలు పెడితే, నీ ఇంట్లో లగ్నమైనప్పుడు నేను ఆరు వందలు పెడతాను. పంట పోయిన ఏడు ఎద్దును అడిగితే ఇచ్చేదీ, అర్ధరాత్రి ఆస్పత్రికి బండి కట్టేదీ ఆ పుస్తకంలో పేరున్నవారే. అలాంటి వెయ్యి మందిలో ఏడు వందల మందిని ఒక కాగితం మీద కొట్టివేయడం కుర్రవాళ్లకు సులభం, ఇరవై ఏండ్లు పెట్టినవాడికి కాదు.

చివరకు వారు కుదుర్చుకున్న పద్ధతి బాగుంది. ఏడు వందల మందిని పిలుస్తారు. అయితే మూడు వందలకు పైబడిన భోజనాల ఖర్చు అప్పులో నుంచి కాక చదివింపుల పైకంలో నుంచే తీయాలి. వంటవానికీ, షామియానావానికీ ఆ మేరకు ముందే చెప్పి గడువు అడగాలి. తండ్రి ఒప్పుకున్నాడు. ఊళ్లో పెద్ద మనుషులు కూడా ఇందులో తప్పేమీ లేదన్నారట.

కల్యాణలక్ష్మి విషయం మాత్రం అంత సులభంగా తేలలేదు. 2014 అక్టోబరులో 51 వేల రూపాయలతో మొదలైన ఈ పథకం 2018 నాటికి 1,00,116 రూపాయలకు చేరింది. పెండ్లినాటికి అమ్మాయికి 18 ఏండ్లు నిండితేనే వస్తుంది. దాని వల్ల కొన్ని ఇళ్లలో పిల్ల పెండ్లి రెండు మూడేండ్లు వెనక్కి జరిగిందన్నది నేను చూసిన సంగతి, అది మెచ్చుకోవలసిందే. కాని చెక్కు ఎప్పుడో నెలల తర్వాత వస్తుందనగా, మగపెండ్లివారి లెక్కలో అది మొదటి రోజే చేరిపోవడం పరిపాటి అయింది. వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. ఇప్పుడు ఎవరూ కట్నం అనరు, 'ఆ లక్ష ఎట్లాగూ వస్తుంది కద' అంటారు. ఈ సంబంధంలో కూడా అబ్బాయి మేనమామ అదే మాట అన్నాడట. అబ్బాయి కాగితం తిప్పి తన సంతకం చూపించాడు. మేనమామ రెండు రోజులు ఆ ఇంటికి రాలేదు. మూడో రోజు వచ్చాడు, భోజనం చేసి పోయాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇకపోతే హంపి. అసలు దుమారమంతా దీని మీదనే. హనీమూన్ అన్న మాట మన ఊళ్లకు సినిమాలతో వచ్చింది. ఊటీ కొండల్లో హీరో హీరోయిన్లు మంచులో పరుగెత్తడమే దాని అర్థమని చాలామంది అనుకుంటారు. డబ్బున్నవాళ్ల వేషాలంటారు. కాని కొత్త దంపతులకు కొంత ఏకాంతం కావాలన్న సంగతి మన పాతవాళ్లకు తెలియనిదేమీ కాదు. అత్తవారింట మూడు నిద్రలు, పదహారు రోజుల పండుగ, ఇవన్నీ ఎందుకు పెట్టారు? వచ్చిన చిక్కల్లా ఇండ్లది. రెండు గదుల ఇంట్లో పెండ్లి చుట్టాలు పదిహేను మంది పడుకుని ఉంటే మూడు నిద్రలు కాదు, ముప్పై నిద్రలు చేసినా ఒకరి మాట ఒకరు వినే వీలుండదు. నా పెండ్లయిన మూడో నాడు మేమూ ప్రయాణం చేశాం. అలంపురం పోయి జోగులాంబను దర్శించుకున్నాం. జీపులో నేను, నా భార్య, మా అమ్మ, ఇద్దరు మేనత్తలు, బావమరది, వాళ్ల పిల్లలు, మొత్తం పదకొండు మందిమి. పోనూ రానూ నా భార్య ముందు సీటులో, నేను వెనుక చక్రం మీద. తుంగభద్ర ఒడ్డున కూడా మాట్లాడుకోలేదు. ఆమెకు వంకాయ పడదన్న సంగతి నాకు దసరా నాటికి తెలిసింది.

పెండ్లి ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం మన జాతికి కొత్తదని వాదించేవారికి ఒక సంగతి గుర్తు చేయాలి. పుచ్చలపల్లి సుందరయ్య 1943లో బొంబాయిలో లీలను పెండ్లాడారు. పిల్లలు వద్దని ఆ దంపతులిద్దరూ కూడబలుక్కుని నిర్ణయించుకున్నారు, జీవితాంతం దానికి కట్టుబడ్డారు. వారి తోవ వేరు, మన తోవ వేరు. ఎనభై ఏండ్ల కిందటే ఒక జంట అంత పెద్ద విషయం తేల్చుకోగా లేనిది, మనవాళ్లు రెండు రాత్రుల ప్రయాణం గురించి రాసుకుంటే లోకం తలకిందులవుతుందా?

ఖర్చు మాటంటారా, వారి లెక్క ప్రకారం అంతా కలిపి ఎనిమిది వేలు. 2013లో గద్వాల నుంచి రాయచూరుకు రైలు పడ్డ తర్వాత ఆ వైపు ప్రయాణం సులువైంది. రాయచూరులో దిగితే హోస్పేటకు బస్సులున్నాయి. డీజేవాడు ఒక్క రాత్రికి అడిగింది ఇంతకు మూడింతలు. ఆ ఒక్క ఖర్చు మానుకోవడంతోనే హంపి ప్రయాణం వెళ్లిపోయి ఇంకా మిగులుతుంది. తల్లిదండ్రులకు ఇది అర్థమైంది. అభ్యంతరం ఖర్చు గురించి కాదు. 'పసుపు బట్టల మీద పొలిమేర దాటి, ఏరు దాటి, ముక్కూ మొహం తెలియని ఊళ్లో ఇద్దరే ఉంటారా?' అన్నది అబ్బాయి అవ్వ వాదన. ఆమెకు ఎనభై దాటాయి. దిష్టి తగులుతుందని భయం. ఆమె మాట ఆ ఇంట్లో ఎవరూ కాదనరు.

ఇందులో ఈ విలేఖరి అభిప్రాయం ఇంతే. ఎవరిని పిలవాలి, ఏ వరుసలో కూర్చోబెట్టాలి, ఏ దేవునికి మొదటి కొబ్బరికాయ అన్నవి పెద్దలకే వదలాలి. వారికి తెలుసు, మనకు తెలియదు. కాని అప్పు తీర్చేది ఎవరో, వారిని అడగకుండా అప్పు చేయరాదు. ఆ తీర్చేవారిలో ఇంకా మన గడప తొక్కని పిల్ల కూడా ఉంటుందని మరువరాదు. పెండ్లయిన మొదటి పది రోజులు ఎట్లా గడపాలన్నది కూడా ఆ ఇద్దరిదే. ఆషాఢం సంగతి సైతం ఆ కాగితంలో ఉంది. పుట్టింటికి పోవడానికి అమ్మాయికి అభ్యంతరం లేదు. నెల రోజులూ అబ్బాయి అత్తవారి గడప తొక్కకపోయినా ఫరవాలేదు. రోజూ రాత్రి ఫోను మాత్రం చేయాలని రాసింది. ఇది చదివి మా ఇంట్లో ఆమె చాలాసేపు నవ్వింది.

లగ్నం మాఘమాసంలో. చీరకు మగ్గం మీద నూలు ఎక్కిందని, సన్నాయివాళ్లకు బయానా ఇచ్చారని నిన్న తెలిసింది. అవ్వ కూడా మెత్తబడిందట. కాకపోతే విరూపాక్షస్వామిని ఈ జన్మలో చూడలేదని, హంపికి తానూ వస్తానని అంటోందట. అబ్బాయి ఏమీ తోచక కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.