అతకని మాట

మొన్న మా కాలేజీలో ఒక కుర్రవాడు అనువాదం కాగితం పట్టుకుని వచ్చి, "మాస్టారూ, ఇంగ్లీషులో 'లై' అన్న మాటకు తెలుగులో ఏది రాయమంటారు?" అని అడిగాడు.

"అబద్ధం అని రాయవోయ్. అందులో సందేహమేమిటి?" అన్నాను.

"అబద్ధం, అసత్యం, బొంకు, కల్ల, దబ్బర... ఇన్ని వున్నాయి గదండీ! అన్నీ ఒకటేనా?" అన్నాడు.

తెలుగు చెప్పి బతికేవాణ్ణి. అన్నీ ఒకటేననడానికి నోరు రాలేదు. రేపు చెబుతానని పంపేసి, ఆ రాత్రి ఆలోచనలో పడ్డాను.

ఇంగ్లీషువారి 'లై' పొట్టి మాటే గాని పదును జాస్తి. పడుకోవడానికీ అదే మాట, బొంకడానికీ అదే మాట. పుట్టుకలో మాత్రం రెంటికీ సంబంధం లేదు. ఎవరినైనా ముఖాన 'లయర్' అన్నామంటే అక్కడితో స్నేహం సరి. వారి పార్లమెంటులో తోటి సభ్యుణ్ణి ఆ మాట అనడానికి వీలులేదు. 1906లో చర్చిల్ దొర కామన్స్ సభలో 'టెర్మినలాజికల్ ఇనెగ్జాక్టిట్యూడ్' అని కొండవీటి చాంతాడంత ప్రయోగం చేశాడు. పరిభాషలో కచ్చితం లేకపోవడమని దాని అర్థం. అప్పటినుంచీ అది అబద్ధానికి ముసుగుపేరై కూర్చున్నది.

మనకు అంత పట్టింపు లేదు. మనవడు మూతికి అంటిన అరిసె పిండి తుడుచుకుంటూ "నేను తినలేదు" అంటే, "ఓరి అబద్ధాలకోరూ!" అని నాయనమ్మ ముద్దు పెట్టుకుంటుంది. భాగవతంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి, పెళ్ళి వ్యవహారాల్లోనూ, ప్రాణమూ ధనమూ మానమూ పోయే వేళా బొంకితే దోషం లేదని బోధించాడు. బలి వినలేదు గాని మనం విన్నాం. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నాం. ఆ మనమే, మన గుంటూరు జిల్లాలో పుట్టిన బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి హరిశ్చంద్ర నాటకానికి తెల్లవార్లూ మేలుకుని కళ్ళు తుడుచుకున్నాం!

ఇక మాటల సంగతి. బద్ధం అంటే కట్టినది. అబద్ధం అంటే కట్టుబడనిది. అమరకోశంలో దీనికి అర్థంలేని మాట అనే చెప్పారు. తెలుగులోకి వచ్చాక బొంకు అయింది. జరిగినదానికీ చెప్పినదానికీ నడుమ ముడి వూడిపోయిందన్నమాట. మరి మన సామెత ఏమంటున్నది? అబద్ధం చెబితే అతికినట్టుండాలట! అతకదని పేరులోనే వున్నదాన్ని అతికించమనడం మన పెద్దల చమత్కారం.

కల్ల అలాంటిది కాదు. మిరపకాయలు ఎండబోసే కల్లానికీ దీనికీ చుట్టరికం లేదు. దీని దాయాదులు ఇరుగుపొరుగు భాషల్లో వున్నారు. కన్నడంలో 'కళ్ళ' అంటే దొంగ, తమిళంలో 'కళ్ళన్' అంటే దొంగ. మన దగ్గర దొంగ జారిపోయి బొంకు మిగిలింది. అయినా ఆ సంబంధం మనం మరిచిపోలేదు. దొంగసాక్ష్యం, దొంగలెక్క, దొంగనిద్ర, దొంగయేడుపు అంటూనే వున్నాం.

సరే, కల్ల దొంగ అయితే అది దొంగిలించేదేమిటి? ఇది నాకు నిఘంటువులో దొరకలేదు. పదేళ్ళ కిందట మా బాబాయి చెప్పాడు.

నరసరావుపేట అవతల ఆయనకు మూడెకరాల నల్లరేగడి వున్నది. ఆ యేడు పత్తి ఛాతీ ఎత్తున ఏపుగా పెరిగింది. కాయ మాత్రం పట్టలేదు. గట్టు మీద నిలబడి, నా పాండిత్యం కొద్దీ, "గింజలమ్మినవాడు అబద్ధమాడాడు బాబాయ్" అన్నాను.

"అబద్ధమైతే నాలుగు రోజుల్లో బయటపడేదిరా," అన్నాడాయన. "ఇది నాలుగు నెల్లకు బయటపడింది. వాడు గింజల డబ్బు పట్టుకుపోయాడనుకుంటున్నావా? ఏడాది పట్టుకుపోయాడు. డబ్బయితే అప్పు తెస్తాను. ఏడాదిని ఎవరిస్తార్రా అప్పు?"

నాకు జవాబు తోచలేదు. విత్తన ప్రమాణాల ప్రకారం పత్తి గింజలు నూటికి 65, మిరప గింజలు నూటికి 60 అయినా మొలవాలి. మొలవకపోతే వారం పది రోజుల్లో తెలుస్తుంది. మొలిచింది మనం కొన్న రకమేనా అన్నది కాయ పట్టేదాకా తెలియదు. కల్ల దాక్కునేది ఆ నడిమి నెలల్లోనే. 1966 నాటి విత్తనాల చట్టం మొదటి తప్పుకు 500 రూపాయల దాకా జరిమానా అని రాసింది. బాబాయి ఏడాదికి అదీ ఖరీదు!

ఇలాంటి సరుకును నకిలీ అంటున్నాం. అరబ్బీలో నకల్ అంటే ప్రతి. కచేరీలో నకలు అసలుకు సాక్ష్యం. సంచిలో నకిలీ అసలుకు ద్రోహం. మాట ఒకటే, చేరిన చోటును బట్టి బుద్ధి మారింది.

మర్నాడు ఆ కుర్రవాణ్ణి పిలిచి చెప్పాను. "అరిసె తినలేదన్న పిల్లవాడిది అబద్ధం. పెళ్ళి కుదిర్చే పెద్దమనిషిది బొంకు. విత్తనాల సంచి మీద కల్తీ రాత వుంటే అది కల్ల. ఎక్కడిది అక్కడ రాయి."

వాడు తల గోక్కుని, "మా నాన్న దాన్ని దొంగవిత్తనం అంటాడండీ. అలా రాయొచ్చునా?" అన్నాడు.

రాయమన్నాను. ఆ రైతు తెలుగులో నేను దిద్దవలసిందేమీ కనబడలేదు.