పక్కవీధి బీరుకు ఎన్ని నక్షత్రాలు?

ఆష్‌బర్న్‌లో ఉండే తెలుగువాళ్ళకి అతిథుల కొరత ఉండదు. డల్లెస్ విమానాశ్రయం కూతవేటు దూరం. వచ్చినవాళ్ళకి చూపించాల్సినవాటి జాబితా కూడా అందరిళ్ళలో దాదాపు ఒకటే: వాషింగ్టన్ మాన్యుమెంటు, లూరే గుహలు, శాంటిలీలో విమానాల మ్యూజియం, లాన్‌హమ్ శివవిష్ణు ఆలయం. ఇవన్నీ అయ్యాక కాలేజీ రోజుల స్నేహితుడు ఒక సాయంత్రం మెల్లగా అడుగుతాడు: "ఒరేయ్, ఇక్కడ మీ ఊరి బీరేదైనా మంచిది దొరుకుతుందా?" అని.

ప్రశ్న చిన్నదే. వెంటనే మనం చేసే పని కూడా అందరికీ తెలిసిందే. జేబులోంచి ఫోను తీస్తాం, దగ్గర్లో ఉన్న బ్రూవరీలు వెతుకుతాం, నక్షత్రాలు లెక్కపెడతాం, పైనున్నదానికి బండి తిప్పుతాం. సాఫ్ట్‌వేరు మీదే బతికేవాళ్ళం కదా, సాఫ్ట్‌వేరుని నమ్మకపోతే ఎలా? కానీ ఆ నక్షత్రాల వెనక ఏముందో ఒకసారి చూస్తే, స్నేహితుడి ఒకే ఒక్క సాయంత్రాన్ని వాటి చేతిలో పెట్టడం అంత తెలివైన పని కాదని నా అభిప్రాయం.

ముందు "మీ ఊరి" అన్నమాట సంగతి చూద్దాం. ఆష్‌బర్న్‌లో 1989లో జెర్రీ బెయిలీ అనే ఆయన ఓల్డ్ డొమినియన్ బ్రూయింగ్ కంపెనీ మొదలుపెట్టాడు. ఓల్డ్ డొమినియన్ అంటే వర్జీనియా రాష్ట్రానికి ముద్దుపేరు. ఇంతకంటే స్థానికమైన పేరు ఇంకోటి దొరకదు. 2007లో ఆ కంపెనీని కోస్టల్ బ్రూయింగ్ కొనేసింది. ఫోర్డమ్ అనే బ్రూవరీ, బడ్వైజర్ తయారుచేసే ఆన్‌హైజర్-బుష్ కలిసి పెట్టుకున్న సంస్థ అది. ఆ తరవాత తయారీ డెలావేర్ రాష్ట్రంలోని డోవర్‌కి వెళ్ళిపోయింది. సీసా మీద వర్జీనియా పేరు మాత్రం మిగిలింది. డేటాబేసులు కట్టేవాళ్ళకి ఇది అర్థం కావడం కష్టం కాదు: పేరు, కాచే చోటు, యజమాని, మొదట పుట్టిన ఊరు. ఇవి నాలుగు వేరువేరు కాలమ్‌లు. మనకి తెర మీద కనిపించేది ఎక్కువగా మొదటిదే.

అయితే ఊరికి పనితనం తెలిసినవాళ్ళు మిగిలారు. ఓల్డ్ డొమినియన్‌లో పనిచేసిన మాట్ హేగర్‌మన్, ఫావియో గార్సియా 2011లో ఇక్కడే లాస్ట్ రైనో బ్రూవరీ తెరిచారు. ఆ మరుసటి ఏడు, అంటే 2012లో, వర్జీనియా ఒక చట్టం మార్చింది. బీరు కాచేవాళ్ళు పక్కన రెస్టారెంటు పెట్టకుండానే తమ బీరుని అక్కడికక్కడే గ్లాసుల్లో పోసి అమ్ముకోవచ్చంది. ఆ ఒక్క మార్పుతో చిన్న బ్రూవరీల లెక్కలు మారిపోయాయి. డిస్ట్రిబ్యూటరు, దుకాణదారు ఎవరి వాటా వాళ్ళు తీసుకోగా మిగిలేదానికీ, గ్లాసు ధర మొత్తం చేతికి రావడానికీ తేడా ఉంటుంది కదా. 2014లో పొలాల్లో కాచుకునే ఫార్మ్ బ్రూవరీలకి ప్రత్యేకమైన లైసెన్సు వచ్చింది. లౌడన్ కౌంటీ పడమటి వైపున్న పొలాల్లో ఇన్ని బ్రూవరీలు ఎలా వెలిశాయా అనుకునేవాళ్ళకి సమాధానం ఇదే.

అదే 2014లో ఆష్‌బర్న్‌లో సైకిలు బాట పక్కనే ఓల్డ్ ఆక్స్ అనే బ్రూవరీ వచ్చింది. పేరు ఈ ప్రాంతంలోని ఓల్డ్ ఆక్స్ రోడ్డు నుంచి తీసుకున్నారు. 2015లో రెడ్ బుల్ కంపెనీ వాళ్ళ ట్రేడ్‌మార్కు మీద అభ్యంతరం లేవదీసింది. ఎద్దూ ఆంబోతూ ఒకే జాతి జంతువులు కాబట్టి కొనేవాళ్ళు తికమక పడతారని వాదన! పల్లెటూరి పిల్లాణ్ణి అడిగినా ఆంబోతుకీ ఎద్దుకీ తేడా చెబుతాడు, అది వేరే సంగతి.

ఇక నక్షత్రాల దగ్గరికి వద్దాం. మనలో చాలామంది చదువుకున్న విషయమే కాబట్టి కొంచెం లెక్క చెప్పుకోవచ్చు. ఒక బీరుకి నలుగురు ఓటేశారు, సగటు 4.8. ఇంకోదానికి నాలుగొందలమంది ఓటేశారు, సగటు 4.2. ఏది మంచిది? సరైన పద్ధతి ఏమిటంటే, ప్రతి బీరుకీ ముందే ఓ పది "సగటు" ఓట్లు పడ్డాయని అనుకోవడం. మొత్తం బీర్ల సగటు 3.7 అనుకుంటే, మొదటిది 4.01కి దిగుతుంది, రెండోది 4.19 దగ్గర నిలబడుతుంది. సినిమాల రేటింగుల్లో కూడా ఇలాంటి సూత్రమే వాడతారు. తమాషా ఏమిటంటే, తక్కువ నమూనాలతో ఎంత నమ్మకంగా మాట్లాడగలం అన్న ప్రశ్నకి గట్టి సమాధానం ఇచ్చినవాడే ఒక బీరు కంపెనీ ఉద్యోగి. డబ్లిన్‌లో గిన్నెస్‌లో పనిచేసిన విలియం గాసెట్ 1908లో "స్టూడెంట్" అనే మారుపేరుతో ఆ వ్యాసం ప్రచురించాడు. మనం పరీక్షల కోసం బట్టీపట్టిన టీ-టెస్టు పుట్టిల్లు అదే.

కానీ ఎంత మంచి సూత్రం వాడినా పోని దోషం ఒకటుంది. ఓటేసేవాళ్ళెవరు? సాయంత్రం ఒక గ్లాసు తాగి ఇంటికెళ్ళి పడుకునేవాడు ఓటెయ్యడు. కొత్తవి, అరుదైనవి, ఘాటైనవి వెతుక్కుంటూ తిరిగేవాడు వేస్తాడు. అందుకే ఈ సైట్లలో పై వరసలన్నీ ఇంపీరియల్ స్టౌట్‌లతో, డబుల్ ఐపీఏలతో నిండి ఉంటాయి. శుభ్రంగా కాచిన పిల్స్‌నర్ ఎక్కడో అడుగున ఉంటుంది. నిజానికి పిల్స్‌నర్ కాచడమే కష్టం. కప్పిపుచ్చే ఘాటైన రుచులు లేకపోవడంతో అందులో ఏ చిన్న తప్పూ దాగదు. ముద్దపప్పు లాంటిదన్నమాట. మసాలా ఎక్కువైన కూరలో ఏదైనా చెల్లిపోతుంది, పప్పు మాడితే ఇల్లంతా తెలుస్తుంది.

ఇప్పుడు హైదరాబాదు నుంచి వచ్చిన మన స్నేహితుణ్ణి తీసుకోండి. అతను ఎరిగిన బీరు కింగ్‌ఫిషర్ స్ట్రాంగో, నాకౌటో. మత్తు ఎక్కువ, చేదు తక్కువ, కొంచెం తీపి. తెలంగాణ 2015లో మైక్రోబ్రూవరీలకి దారి తెరిచింది కాబట్టి ఈమధ్య గోధుమ బీరు కూడా రుచి చూసి ఉండవచ్చు. అతని ముందు 4.5 నక్షత్రాల డబుల్ ఐపీఏ పెట్టి, "ఇండియా పేల్ ఏల్ రా, మన పేరే!" అంటే మర్యాదకి నవ్వుతాడు. రెండో గుక్క తాగడు. ఇంగ్లండు నుంచి ఇండియాలోని దొరల కోసం ఓడల్లో వెళ్ళిన బీరుకి ఆ పేరు మిగిలింది తప్ప, మన నాలుకకీ దానికీ చుట్టరికం లేదు.

రికమెండేషన్ ఇంజన్లు రాసేవాళ్ళు "కోల్డ్ స్టార్ట్" అనే సమస్య గురించి చెబుతారు. కొత్త వాడకందారు గురించి యంత్రానికి ఏమీ తెలియదు, కాబట్టి నలుగురికీ నచ్చేదే చూపిస్తుంది. మన స్నేహితుడి విషయంలో యాప్‌కి ఉన్న డేటా సున్నా. మీ దగ్గర ఇరవై ఏళ్ళ డేటా ఉంది! హాస్టల్లో వాడు టీలో ఎంత చక్కెర వేసుకునేవాడో మీకు తెలుసు. దాన్ని వాడుకోండి. ఫిల్టరు కాఫీ చిక్కగా తాగేవాడైతే స్టౌట్ ఇప్పించండి, ఆ మాడ్చిన గింజల వాసన వాడికి కొత్త కాదు. స్ట్రాంగ్ బీరు అలవాటైనవాడికి మార్జెన్ గానీ డాపెల్‌బాక్ గానీ బాగుంటుంది. గోధుమ బీరు ఇష్టమైతే అరటిపండు, లవంగం వాసనలుండే హెఫెవైజెన్. చిన్నప్పుడు ఊళ్ళో పులిసిన తాటికల్లు రుచి చూసినవాడికి గోజా అనే జర్మన్ పద్ధతి పుల్లబీరు ఇచ్చి చూడండి. అందులో ఉప్పూ ధనియాలూ వేస్తారు. మొహం చిట్లిస్తాడా, చిరునవ్వు నవ్వుతాడా అన్నది మీరే చూడాలి.

కల్లు మాటెత్తాను కాబట్టి ఇంకోటి. మన ఊళ్ళలో కల్లుకి ఎవడూ నక్షత్రాలు వెయ్యలేదు. అయినా ఏది మంచిదో అందరికీ తెలిసేది. పోతుతాడుదా, పండుతాడుదా, తెల్లవారి దించిందా, నిన్నటిదా అని అడిగేవాళ్ళు. గీసినవాణ్ణే అడిగేవాళ్ళు. ఆ పద్ధతి ఇక్కడా చెల్లుతుంది. బ్రూవరీలో గ్లాసులు నింపే మనిషిని, "మీరు పని అయ్యాక ఏది తాగుతారు?" అని అడగండి. డబ్బా కొనేటప్పుడు అడుగున ముద్రించిన తేదీ చూడండి. ఐపీఏలో హాప్స్ వాసన వారాల్లోనే తగ్గిపోతుంది. ఏకంగా పైంటు చెప్పెయ్యకుండా నాలుగు చిన్న గ్లాసుల ఫ్లైట్ తెప్పించండి. లేత రంగుతో మొదలుపెట్టి, చేదుది చివరికి ఉంచండి. చేదు ముందు తాగితే మిగతావేవీ తెలియవు.

సరే, ఇదంతా రుచి గొడవ. నాకు అంతకంటే ముఖ్యం అనిపించేది నక్షత్రాల యజమాని సంగతి. రేట్‌బీర్ అనే సైటు 2000లో మొదలైంది. లక్షలాది అభిప్రాయాలు జనం ఊరికే, ప్రేమకొద్దీ రాసిపెట్టారు. 2017లో ఒక విషయం బయటపడింది. బడ్వైజర్ మాతృసంస్థ ఏబీ ఇన్‌బెవ్ పెట్టుబడి విభాగం అందులో అంతకుముందే వాటా కొనేసిందట. బీరు అమ్మేవాడే బీరుకు మార్కులేసే చోటికి భాగస్వామి అయ్యాడు. డాగ్‌ఫిష్ హెడ్ లాంటి బ్రూవరీలు తమ బీర్లని అక్కడినుంచి తీసెయ్యమన్నాయి. 2019లో సైటు పూర్తిగా వాళ్ళ చేతికి వెళ్ళింది. 2025 ఫిబ్రవరిలో మూతపడింది. 1996లో ఇద్దరు అన్నదమ్ములు మొదలుపెట్టిన బీర్‌అడ్వొకేట్, 2010లో వచ్చిన అన్‌టాప్డ్, ఈ రెండూ ఇప్పుడు నెక్స్ట్ గ్లాస్ అనే ఒకే కంపెనీ గొడుగు కిందికి చేరాయి. మార్కులు తప్పుగా వేస్తున్నారని నేను అనడంలేదు. కానీ పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళెవరో పిల్లవాడికి తెలియాలా, వద్దా?

మనకిది కొత్త అనుభవం కాదు. జియోసిటీస్‌లో కట్టుకున్న తెలుగు పేజీలు 2009లో పోయాయి. రచ్చబండ లాంటి చర్చలు సాగిన యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో పోయాయి. ఊరికే ఇచ్చినచోట ఊరికే రాసుకున్నాం, ఇంటాయన తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. అందుకని నా సలహా చాలా పాతకాలపుది: ఒక మామూలు టెక్స్ట్ ఫైలు పెట్టుకోండి. తేదీ, బ్రూవరీ, బీరు పేరు, ఎవరితో తాగారు, వాడు ఏమన్నాడు. ఐదు కాలమ్‌లు చాలు. రెండేళ్ళలో మీ చుట్టుపక్కల బీరు గురించి, మీ స్నేహితుల గురించి ఏ యాప్‌కీ లేని డేటా మీ దగ్గరుంటుంది. అది ఎవడూ కొనలేడు, మూసెయ్యలేడు.

ఫోను పారెయ్యమని నేననడంలేదు. ఆ చోటు తెరిచుందా, పార్కింగ్ ఉందా, పిల్లల్ని తీసుకురావచ్చా అన్నవాటికి అదే దిక్కు. చిన్న బ్రూవరీలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి కాబట్టి బయల్దేరేముందు చూసుకోవడం తప్పనిసరి. ఇండియా నుంచి వచ్చినవాణ్ణి పాస్‌పోర్టు పెట్టుకోమనండి, తల నెరిసినా వయసు రుజువు అడుగుతారు. ఇద్దరూ తాగే పనైతే కారు ఇంట్లో పెట్టి టాక్సీ పిలవండి. 2022 నవంబరునుంచి ఆష్‌బర్న్ దాకా మెట్రో కూడా వచ్చింది.

మనం ఉంటున్నది ప్రపంచంలోకెల్లా దట్టంగా డేటాసెంటర్లున్న ఊళ్ళో. ఆ నక్షత్రాలు దాచిన సర్వరు బహుశా బ్రూవరీకి రెండు వీధుల అవతలే రొద పెడుతూ ఉండవచ్చు. దానికి బీరు గురించి చాలా తెలుసు. మీ స్నేహితుడి గురించి మాత్రం మిమ్మల్నే అడగాలి.