వైద్యశాల వెలుపల, వేదిక వెలుపల

బార్సిలోనాలోని సాంత్ పావ్ ఆసుపత్రి 2009లో కొత్త భవనానికి తరలిపోయింది. 1902లో నిర్మాణం మొదలైన పాత సముదాయం 2014లో సాంస్కృతిక కేంద్రంగా తెరుచుకుంది. ఒకప్పుడు రోగులున్న మందిరాలు నేడు కచేరీలకు వేదికలు. ఈ ప్రశ్న మనకూ దూరం కాదు. 1925లో పూర్తయిన హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జులైలో వరదనీరు చేరాక రోగులను ఖాళీ చేయించారు. కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. పాత కట్టడాన్ని కళావేదికగా మారుద్దామంటే స్వాగతిస్తాను. కానీ ఆ వేదిక ఎవరిదని అడుగుతాను.

వైద్యమూ సంగీతమూ మన పల్లెల్లో ఒకే కులం చేతుల్లో కలిసి ఉండేవి. నాయీబ్రాహ్మణులు క్షురకులే కాదు. పుండు కోసి కట్టుకట్టిన శస్త్రవైద్యులు, నాగస్వర, డోలు విద్వాంసులు. ఆ ఇళ్ల స్త్రీలు మంత్రసానులు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన కులాల గ్రంథం సైతం ఈ వృత్తులను నమోదు చేసింది.

ఆధునిక వైద్యం అసంఖ్యాక తల్లుల ప్రాణాలు కాపాడింది. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే 1926 నాటి మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వంటివి శిక్షణకూ రిజిస్ట్రేషన్‌కూ పట్టం కట్టినప్పుడు, తరతరాల అనుభవం అజ్ఞానంగా ముద్రపడింది. ఆ అనుభవానికి శిక్షణ జోడించి, ఆ స్త్రీలను వైద్యవ్యవస్థలో భాగం చేసే ప్రయత్నం అరకొరగానే మిగిలింది. సంగీత సభలదీ అదే తీరు. నాగస్వరం చాలాచోట్ల ప్రారంభానికి ముందు మోగే మంగళధ్వనే. ప్రధాన కచేరీ మరొకరిది.

నేను పుట్టిపెరిగిన హిందూపురంలోనే కాదు, పెనుకొండ, ధర్మవరం పెళ్లిళ్లలోనూ భజంత్రీలు లేనిదే ముహూర్తం సాగదు. గట్టిమేళం ముగిశాక వారి భోజనం సంగతి అడిగేవారు అరుదు. పక్కనే ఉన్న లేపాక్షి నాట్యమంటపంలో సాక్షాత్తు బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు. దేవుడు వాయిస్తే శిల్పకళ, మనిషి వాయిస్తే కులవృత్తి! ఈ కులాన్ని కించపరిచే పదాలను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో నిషేధించింది. మాట మారింది; చోటు మారలేదు.

కనుక ఏ చారిత్రక ఆసుపత్రి కళావేదికగా మారినా మూడు పనులు జరగాలి. మంత్రసానుల, శస్త్రవైద్యుల చరిత్రకు అక్కడ శాశ్వత ప్రదర్శన ఉండాలి. నాగస్వరానికి ప్రధాన కచేరీ దక్కాలి. నిర్వహణ సంఘంలో ఆ కళాకారులకూ, ఆసుపత్రిని శుభ్రంచేసిన దళిత కార్మికుల వారసులకూ స్థానం కల్పించాలి. లేదంటే మారేది భవనం ప్రయోజనమే. గుమ్మం బయట నిలబడేవారు మారరు.